జెల్డాలో ఆ పాత డంజియన్లు ఏవి?

1986 నుంచి నడుస్తున్న జెల్డా వీడియో గేమ్ సిరీస్‌ను 2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ గేమ్ పూర్తి ఓపెన్ వరల్డ్‌గా, అంటే ఎటైనా తిరగగలిగే లోకంగా మార్చేసింది. కనిపించిన కొండనల్లా ఎక్కొచ్చు, బాగుంది, కాదనను. కానీ పాత డంజియన్లలో, అంటే చిక్కుముళ్లు నిండిన గదుల కోటల్లో, ఒక్కో గది తాళం తీస్తూ, అక్కడే దొరికిన హుక్‌షాట్‌ అనే గొలుసు కొక్కెంతోనో బూమరాంగ్‌తోనో ముందుకెళ్లి, చివర్లో రాక్షసుడి పని పట్టే ఆ మజా ఏది? డంజియన్ల బదులు డివైన్ బీస్ట్‌లనే భారీ యంత్ర జంతువులు నాలుగున్నా ఇట్టే అయిపోతాయి. మిగతావి 120 చిన్న ష్రైన్లు, అంటే చిక్కుముడి గుడులు, ఏది చూసినా లోపల ఒకటే రాయి, ఒకటే నీలి వెలుగు.

ఇక ఆయుధాలు! కష్టపడి సంపాదించిన కత్తి నాలుగు దెబ్బలకే ముక్కలైపోతే ప్రాణం ఉసూరుమంటుంది. విరుగుతుందన్న భయంతో మంచివన్నీ వాడకుండా దాచుకోవడమే సరిపోతోంది. మైదానం ఎంత పెద్దదైనా ఇవ్వండి, అందులో సరైన డంజియన్లు కూడా కట్టండి.