సవరణ: నల్ల గౌనుకి మెడ కటింగ్

భుజాలు వెడల్పుగా ఉన్నవాళ్లకి బోట్ నెక్ (ఒక భుజం నుంచి ఇంకో భుజం దాకా అడ్డంగా, వెడల్పుగా ఉండే మెడ) ఉన్న నల్ల గౌను నప్పుతుందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. బోట్ నెక్ చూపుని అడ్డంగా లాగి భుజాల్ని ఇంకా వెడల్పుగా చూపిస్తుంది. వాళ్లకి వి నెక్, కింద కాస్త ఘేర్ (గౌను కింది వెడల్పు) ఉంటే బాగుంటుంది. బోట్ నెక్ నప్పేది భుజాలు సన్నగా, తుంటి వెడల్పుగా ఉన్నవాళ్లకి. ఆ మెడకి తెల్లటి నరసాపురం లేసు వేయించండి, చూపు పైకే వెళ్తుంది, ఎంత అందంగా ఉంటుందో! భీమవరంలో గౌన్లు కుట్టే టైలరమ్మ చెప్పారు, కటింగ్ పుస్తకాల్లోనూ ఇలాగే ఉంది.

1926లో అమెరికా ఫ్యాషన్ పత్రిక వోగ్‌లో వచ్చిన, ఫ్రెంచ్ డిజైనర్ షనెల్ నల్ల గౌను నడుము పట్టని కోత. అందరూ దాన్నే చూసి కుట్టించుకోనక్కర్లేదు.

మన ఉక్కపోతకి వెల్వెట్ వద్దు. ఇప్పటికే గుడ్డ ఇచ్చేసినవాళ్లు, కోయకముందే టైలరుకి చెప్పి మెడ మార్పించుకోండి.