శుభ్రం చేశారట!

కోపం ఇంకా దిగలేదు, అందుకే రాస్తున్నాను. మధ్యలో తిట్లు దొర్లితే సర్దుకుపోండి.

రెండు రోజులు పని మీద ఊరెళ్లాను. ఇంట్లో ఉన్నారు కదా, మొక్కలకు కాసిన్ని నీళ్లు పోయండి బాబాయ్ అని చెప్పి వెళ్లాను. నీళ్లు! నేనడిగింది నీళ్లు! తిరిగొచ్చేసరికి ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, ఫస్ట్ ర్యాంకు తెచ్చుకున్న పిల్లాడి మొహంతో. "చూడమ్మా, పెరడంతా శుభ్రం చేయించాను. ఇప్పుడు ఎంత నీట్‌గా ఉందో!"

నీట్‌గానే ఉంది. శ్మశానమూ నీట్‌గానే ఉంటుంది.

మొక్కల మొదళ్లలో ఏడాదిగా నేను పరుచుకుంటూ వచ్చిన ఎండుటాకులన్నీ ఊడ్పించి, మూలన కుప్ప పోయించి తగలబెట్టించారు. అంతటితో ఆగారా? చిక్కుడు పందిరికి పురుగుల మందు కొట్టించారు. "నల్లగా పేనుబంక పట్టేసిందమ్మా, పాపం నువ్వు చూసుకున్నట్టు లేదు."

నేను చూసుకోలేదట! రోజూ పళ్లు తోముకోకముందే ఆ పందిరి కింద నిలబడే మనిషిని నేను. పేనుబంక, అదే లేత చిగుళ్ల రసం పీల్చే చిట్టి పురుగులు, వచ్చిన మొదటి వారం నాకూ టెన్షనే. కొసల్లో చిగురు కనబడనంతగా పట్టింది. అయినా చెయ్యి కట్టేసుకుని కూర్చున్నాను. ఎందుకంటే వాటి వెనకాలే వాటిని తినే అక్షింతల పురుగులు (లేడీబర్డ్‌లు) వస్తాయని తెలుసు. వచ్చాయి కూడా. ఆకు అడుగున పసుపు రంగు గుడ్లు గుత్తిగా, నిలబెట్టినట్టు పెట్టి పోయాయి. ఊరెళ్లే రోజు పొద్దున లెక్కపెట్టాను, ఒక్క తీగ మీదే 11 పిల్ల పురుగులు. అవి తల్లిలా ఎర్రగా, గుండ్రంగా, ముద్దుగా ఉండవు. మొసలిని గింజంత చేసి నల్లరంగు పూసి, వీపు మీద నారింజ చుక్కలు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. ఒకటి పేనుబంకను నోట కరుచుకుని, లోపలిదంతా పీల్చేసి, తొక్క పక్కన పడేసి, రెండో దాని మీదికి నడిచింది. రెక్కల పురుగు అయ్యేలోపు ఒక్కోటి అలా వందల్లో తినేస్తుంది. జీతం లేదు, భోజనం కూడా దాని తిప్పలు అదే పడుతుంది.

ఇవాళ అవన్నీ పందిరి కింద మట్టిలో ముడుచుకుని పడున్నాయి. ఒకదాన్ని అరచేతిలో పెట్టి చూపిస్తే బాబాయ్ ఏమన్నారో తెలుసా? "చూశావా, ఎంత భయంకరమైన పురుగులో! అన్నీ చచ్చాయిలే."

ఆ మందుకు పేనుబంకా చచ్చింది, ఒప్పుకుంటాను. కానీ ముందు తిరిగొచ్చేది ఎవరు? ఆకు మడతలో నాలుగు మిగిలినా చాలు. పేనుబంకకు మగ తోడు కూడా అక్కర్లేదు, గుడ్లు పెట్టే పని లేకుండా నేరుగా పిల్లల్నే కనేస్తుంది, ఆ పిల్లలు వారం పది రోజులకే మళ్లీ పిల్లల్ని కంటాయి. అక్షింతల పురుగులకు అంత స్పీడు లేదు. అంటే వచ్చే నెల పందిరి నిండా పేనుబంకే, తినేవాడు ఒక్కడూ ఉండడు. అప్పుడు మళ్లీ మందు. తర్వాత మళ్లీ మందు.

ఇదేమీ నా పైత్యం కాదు. కాలిఫోర్నియాలో నారింజ తోటల్ని ఒక పిండి పురుగు ఎండగట్టేస్తుంటే 1888లో ఆస్ట్రేలియా నుంచి అక్షింతల పురుగు జాతి ఒకదాన్ని తెచ్చి వదిలారు. కొన్ని వందల పురుగులంతే. రెండేళ్లు తిరక్కుండానే తోటలు తేరుకున్నాయి. దాదాపు అరవై ఏళ్లు హాయిగా గడిచాక అక్కడికీ ఒక బాబాయ్ తయారై డీడీటీ అనే పురుగుల మందు కొట్టించాడు. అక్షింతల పురుగులు పోయాయి, పిండి పురుగు మళ్లీ దిగింది. నారింజ తోటల వాళ్లకే ఆ గతి పట్టిందంటే నా చిక్కుడు పందిరెంత?

ఇక ఆకులు. "చెత్త" అట. ఆ చెత్త కింద చెయ్యి పెడితే నడి వేసవిలో కూడా తడి తగిలేది. వేలు పెట్టి కెలికితే వానపాములు. 1881లో డార్విన్ వానపాముల మీద పుస్తకమే రాశాడు, చనిపోవడానికి కొన్ని నెలల ముందు. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు పైగా మట్టిని అవి పైకి తెచ్చి పోస్తాయని లెక్కగట్టాడు. అంతటి మనిషి ముసలితనంలో కుండీల్లో వానపాములు పెట్టుకుని కూర్చుంటే, మనకు మాత్రం నేల మీద ఆకు కనబడితే పరువు పోతుంది. పైగా "బూడిద బలమేగా" అన్న జ్ఞానం ఒకటి. ఆకులో ఉన్న నత్రజని చాలావరకు పొగలో కలిసిపోయింది బాబాయ్, పక్కింటివాళ్లు పీల్చారు.

వదిన ఫోన్లో ఇంకో మాట అంది. "ప్రకృతి పద్ధతి అంటే ఏమీ చేయకుండా వదిలేయడమేగా, మరి నీకింత బాధెందుకు?" ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బీపీ పెరుగుతుంది. దున్నను, ఎరువు వేయను, కలుపు తీయను, మందు కొట్టను అన్న జపాన్ రైతు ఫుకుఓకా కూడా మొదట్లో అలాగే అనుకుని వాళ్ల నాన్నగారి నారింజ తోటను ఊరికే వదిలేశాడు. కొమ్మలు చిక్కులు పడి, పురుగు పట్టి, చెట్లు ఎండిపోయాయి. వదిలేయడం వేరు, ఎప్పుడు చెయ్యి పెట్టకూడదో తెలియడం వేరు. ఆ రెండోది నేర్చుకోవడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. మా వదినకు రెండు నిమిషాలు.

అసలు నా కడుపుమంట చిక్కుడు గురించే కాదులెండి. నాలుగేళ్ల కిందటి మునగ చెట్టు గురించి. అప్పుడూ నేను ఊళ్లో లేను, అదొక యోగం. చెట్టు మొదలంతా గొంగళి పురుగులు పట్టాయని, ఒంటికి తగిలితే దురదలని, చెట్టునే నరికించారు. ఆ పురుగులు రాత్రిపూట ఆకు తిని, పగలు మాను మీద దుప్పటి కప్పినట్టు గుంపుగా పడుంటాయి. చీపురుతో సబ్బు నీళ్ల బకెట్లోకి దులిపితే అయిపోయే పని, పది నిమిషాలు పట్టదు. దానికి చెట్టు తీసేస్తారా? తలలో పేలు పడితే తల తీయించుకుంటారా?

ఆ మునగకు ఎండిన కొమ్మొకటి ఉండేది. అందులో గుండ్రంగా బొక్క తొలుచుకుని నల్ల తుమ్మెదలు కాపురముండేవి. వంగ పువ్వు మీద అవి వాలడం దగ్గర్నుంచి చూశారా? పువ్వును కావలించుకుని గుయ్యిమని ఒక్క గుంజు. ఆ అదురుకే పుప్పొడి జల్లున రాలుతుంది. వంగలో పుప్పొడి గొట్టాల్లాంటి వాటిలో ఉంటుంది మరి, ఊపితేగానీ రాదు, తేనెటీగకు ఆ విద్య లేదు. మునగ పోయింది, తుమ్మెదలు పోయాయి, ఆ ఏడాది నా వంగ పూతంతా రాలిపోయింది. కారణం అదేనని నేనంటాను. ఎండ ఎక్కువైందని వాళ్లంటారు. అననీయండి. టూత్‌బ్రష్ పట్టుకుని పువ్వు పువ్వునీ కదుపుతూ తిరిగింది నేను, వాళ్లు కాదు.

అంతా అయ్యాక మిగిలింది గోడవార జిల్లేడు ఒక్కటే. దాని మీద చారల గొంగళి పురుగులు ఆరు, నలుపూ తెలుపూ పసుపూ. ఇంకో పది రోజులు బతికితే నారింజ రంగు సీతాకోకలవుతాయి. వాటినైనా చూసుకుంటూ

ఆగండి. పెరట్లోంచి బాబాయ్ కేకేస్తున్నారు. "అమ్మా, ఆ గోడ పక్కన పిచ్చి మొక్కొకటి ఉండిపోయింది, కత్తి ఎక్కడ పెట్టావు?"

వెళ్తున్నా.