మనం రమ్మని పిలిచినవాళ్లకు ఆరాధనలో చోటుందా?

బైబిల్లోని కీర్తనల గ్రంథంలో అన్నిటికన్నా చిన్నది 117వ కీర్తన. ఉన్నవి రెండే వచనాలు. సమస్త జనులారా, దేవుణ్ణి స్తుతించండి అన్న పిలుపుతో అది మొదలవుతుంది. యూదులూ అన్యులూ ఒకే నోటితో దేవుణ్ణి మహిమపరచాలని రోమా సంఘానికి రాసిన పత్రిక (లేఖ) 15వ అధ్యాయంలో చెబుతూ అపొస్తలుడైన పౌలు ఈ వచనాన్నే ఆధారంగా చూపాడు. సువార్త పని చేరాల్సిన చోటు ఆరాధన అని దీన్నిబట్టి తేలుతుంది. ఎన్ని కరపత్రాలు పంచాం, కూటంలో ఎందరు చేతులెత్తారు అన్న లెక్కలు నివేదికలకు పనికొస్తాయి. చేయెత్తిన మనిషి ఆరు నెలల తర్వాత ఆదివారం పూట ఎక్కడ కూర్చుంటున్నాడో ఆ లెక్కలు చెప్పవు. చెన్నైలోని తెలుగు క్రైస్తవ సంఘాలు ముందు చూసుకోవాల్సింది దాన్నే.

ఈ ఊళ్లో తెలుగులో సువార్త చెప్పడం కొత్త సంగతి కాదు. తమిళ తీరంలోని తరంగంబాడి నుంచి 1720ల్లో మద్రాసు వచ్చిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ ఇక్కడి వీధుల్లో తెలుగు వినబడుతోందని ఆ భాష నేర్చుకున్నాడు, బైబిలును తెలుగులోకి తెచ్చే పని పెట్టుకున్నాడు. ఆ అనువాదం అచ్చు కాలేదు కానీ, ఎదుటి మనిషి భాషలోకి వెళ్లి పిలవాలన్న పద్ధతి మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ పద్ధతి పాటించాల్సిన వంతు తెలుగు సంఘాలది. శ్రీకాకుళం, విజయనగరం కూలీలు ఉండే సైటు షెడ్డులోనే ఒడిశా, బీహార్ కూలీలూ ఉంటారు. మనవాళ్లను మాత్రం పేరు పెట్టి పిలిచి, పక్క మంచం మీద ఉన్నవాణ్ణి వదిలి వచ్చేస్తే 117వ కీర్తనలో సగమే చదివినట్టు.

మరి చేయాల్సిందేమిటి? మొదట వేళ. పారిశుద్ధ్య కార్మికులకు తెల్లవారకముందే పని మొదలవుతుంది, సైట్లలో కొన్ని ఆదివారాలు కూడా కాంక్రీటు పడుతుంది. తొమ్మిదింటి ఆరాధన వాళ్లకు అందదు. సాయంత్రం ఆరున్నరకు గంటంపావులో ముగిసే ఇంకో ఆరాధన పెడితే అందుతుంది. కరపత్రంలో నరకం గురించి నాలుగు పేజీలు నింపి, ఆరాధన వేళ, దగ్గరి బస్‌స్టాప్, ఫోన్ చేస్తే పలికే నంబరు వేయడం మరిచిపోయే సంఘాలు చాలానే ఉన్నాయి. చదువు రానివాళ్లకు కాగితం ఇచ్చి లాభం లేదు. మార్కు సువార్త ఆడియోను వాళ్ల భాషలో ఫోనులో వేసి ఇవ్వాలి.

ఎక్కువగా చెడేది తర్జుమా దగ్గర. నలభై నిమిషాల ప్రసంగాన్ని వాక్యం వాక్యం హిందీలోకి మారిస్తే ఎనభై నిమిషాలవుతుంది, అప్పటికి రెండు భాషలవాళ్లూ అలసిపోతారు. ప్రసంగాన్ని ఇరవై నిమిషాలకు కుదించి, నోట్సు శుక్రవారానికే తర్జుమా చేసేవారికి ఇవ్వాలి. చదువు రాని తాపీ మేస్త్రీకి ‘నీతిమంతునిగా తీర్చబడుట’ అంటే ఏమిటో మామూలు మాటల్లో చెప్పగలిగినవాళ్లే ఆ పనికి తగినవాళ్లు. వాక్యపఠనం రెండో భాషలోనూ చదివిస్తే అదనంగా పట్టేది రెండు నిమిషాలే. చెన్నైలో పుట్టిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెర మీద పాటను తమిళ లిపిలో కూడా వేస్తే వాళ్లు గొంతు కలుపుతారు. దీనికి సంఘ పెద్దలు ఎందుకు అడ్డు చెబుతారో అర్థం కాదు.

భాష కుదిరాక కులం అడ్డొస్తుంది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, ప్రభుభోజనం (ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) దగ్గర ముందొకరు వెనకొకరు అన్న తేడాతో సహా కుల భేదాలన్నీ మానాలని దక్షిణాది సంఘాలకు ఉత్తరం రాశాడు. మద్రాసులోని వేపేరిలోనూ తంజావూరులోనూ చాలామంది ఒప్పుకోక విడిపోయారు. ఈనాడు ఆ తేడా వేరే వేషంలో ఉంటుంది. ఆరాధన తర్వాత టీ దగ్గర ఎవరి గుంపు వారిదే, కమిటీలో ఎప్పుడూ అవే ఇంటిపేర్లు. కొత్తగా వచ్చినవాడికి ఇది రెండో ఆదివారానికే తెలిసిపోతుంది. మూడో ఆదివారం రాడు.

ఆశ చూపి పిలవడం గురించి కటువుగానే చెప్పాలి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తమిళనాడు 2002లో తెచ్చిన మతమార్పిడి నిరోధక చట్టం తర్వాత రద్దయింది. చట్టం ఉన్నా లేకున్నా, బియ్యం సంచి పంచే బల్ల దగ్గర ప్రార్థన చేయించకూడదు. ఆకలితో ఉన్న మనిషి కాదనలేడు, కాదనలేని చోట చేసిన ప్రార్థన ఆరాధన అవదు. జబ్బు నయమవుతుందని మాట ఇవ్వకూడదు, మాత్రలు ఆపమని ఎన్నడూ అనకూడదు. ప్రార్థిస్తున్న పేదవాడి ఫొటో తీసి దాతలకు పంపడం అతని గౌరవాన్ని అమ్ముకోవడమే.

బాప్తిస్మానికి ముందు కనీసం ఆరు నెలలు నేర్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవుడైన దళితుడు ఆంధ్రలో బీసీ-సీ కిందికీ, తమిళనాడులో బీసీ జాబితాలోకీ వస్తాడు. పిల్లల స్కాలర్‌షిప్పు, ఉద్యోగ రిజర్వేషను మారిపోతాయి. ఈ ఉత్తర్వు అన్యాయమన్నది మా గట్టి నమ్మకం. అయినా అది అమల్లో ఉన్నంతకాలం ఇద్దరు పెద్దలు ఆ ఇంటికి వెళ్లి, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, ఏం పోతుందో దాచకుండా చెప్పాలి. గడువు కావాలంటే ఇవ్వాలి. బాప్తిస్మం ఎన్నాళ్లు వాయిదా పడినా ఆ ఇంటికి వెళ్లడం మానకూడదు.