సవరణ: కట్టెలు చీల్చే మిషన్‌లో బ్రేక్ ఆయిల్ పోయొద్దు

చేత్తో కొట్టే హైడ్రాలిక్ మిషన్‌లో ఆయిల్ తగ్గితే బ్రేక్ ఆయిల్ పోసినా నడుస్తుందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. మిషన్‌తో వచ్చే పుస్తకంలో ఉన్నదీ, హన్మకొండలో జాకీలు బాగుచేసే మెకానిక్ చెప్పిందీ ఒకటే: హైడ్రాలిక్ జాక్ ఆయిలే పోయాలి.

బ్రేక్ ఆయిల్ తగిలితే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఆ తర్వాత హ్యాండిల్ ఎంత కొట్టినా ప్రెషర్ నిలవదు, తుమ్మ మొద్దు అసలే పగలదు, మొద్దును నెట్టే రాడ్ దగ్గర ఆయిల్ కారుతుంది. ఇప్పటికే పోసినవాళ్లు దయచేసి మిషన్ ఆపేయండి. ఉన్నదంతా వంపేసి, కడిగించి, సీళ్లు మార్పించండి. దాని మీదే కొత్త ఆయిల్ పోస్తే లాభం లేదు.

నింపేటప్పుడు రాడ్ పూర్తిగా లోపలికి వెళ్లి ఉండాలి. బయట ఉండగా నింపితే, వెనక్కి వచ్చేటప్పుడు పొంగుతుంది. గాలి స్క్రూ (ఆయిల్ ట్యాంకులోని గాలి బయటికి పోయేందుకు ఉండే స్క్రూ) గురించి ఆ పోస్టులో రాసింది మాత్రం సరైనదే: పనికి ముందు వదులు చేయాలి, అయ్యాక బిగించాలి.