ఉప్పు పూల్‌లో క్లోరిన్ ఉండదన్నది అబద్ధం

ఈ వేసవంతా మా శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరిగింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "మీ పాత క్లోరిన్ స్విమ్మింగ్ పూల్‌ను ఉప్పు పూల్‌గా మార్చేయండి. క్లోరిన్ అనే విషం ఉండదు. పిల్లల కళ్లు మండవు. ఒక్కసారి ఉప్పు వేస్తే చాలు, ఇక ఏ మందూ అక్కర్లేదు. ఏ ఉప్పయినా పర్వాలేదు, సముద్రపు నీళ్లు తెచ్చి పోసినా సరే. వాడిన నీళ్లు తోటకు పెట్టుకోవచ్చు."

నేను పిల్లలకు ఈత నేర్పుతాను. మా పూల్‌ను బ్లీచింగ్ పౌడర్ నుంచి ఉప్పు పద్ధతికి దగ్గరుండి మార్పించింది నేనే. కాబట్టి ఉప్పు పూల్ వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మే నెలలో పక్క మండలంలో ఒక పూల్ చూడమని పిలిస్తే వెళ్లాను. నీళ్లు పెసలు నానబెట్టిన రంగులో ఉన్నాయి. నిచ్చెన రెండో మెట్టు కనబడటం లేదు. అందులో తొమ్మిది మంది పిల్లలు ఆడుతున్నారు. ఒక పిల్లవాడు మునిగితే పైనుంచి చూసేవాడికి తెలియను కూడా తెలియదు. ముందు పిల్లల్ని బయటికి రప్పించి, నీళ్లు గొట్టంలోకి తీసి క్లోరిన్ చూసే బిళ్ల వేశాను. గులాబీ రంగు రావాలి. ఏ రంగూ రాలేదు. ఇదేమిటని ఆ యజమానిని అడిగితే ఫోన్ తీసి ఈ మెసేజే చూపించాడు. "ఉప్పేసీసాం గదా మాస్టారూ, మళ్లీ క్లోరినేటి?" అన్నాడు. ఆయన మోసగాడు కాదు, చదివింది నమ్మాడు. అందుకే ఒక్కొక్క మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

మొదటిది, "క్లోరిన్ ఉండదు." ఉంటుంది. ఉండకపోతే ఆ నీళ్లలో ఎవరూ దిగకూడదు. ఉప్పంటే సోడియం క్లోరైడ్, క్లోరిన్ దాని పేరులోనే ఉంది. పంపు, ఫిల్టర్ దాటాక పైపుకు సాల్ట్ సెల్ అనే పెట్టె బిగిస్తారు. అందులో రుథేనియం వంటి లోహపు పూత పూసిన టైటానియం పలకలుంటాయి. ఉప్పు కలిసిన నీళ్లు వాటి మధ్య నుంచి పోతున్నప్పుడు కరెంటు పంపితే క్లోరిన్ పుడుతుంది, అది నీళ్లలో కలిసి హైపోక్లోరస్ యాసిడ్ అవుతుంది. క్రిములను చంపేది అదే. బ్లీచింగ్ పౌడర్ వేసినా నీళ్లలో తయారయ్యేది అదే. బయట కొని తెచ్చి పోసే బదులు అక్కడికక్కడే తయారు చేసుకుంటున్నాం, అంతే తేడా. ఉప్పు ముడిసరుకు మాత్రమే. దానంతట అది ఈ మోతాదులో నాచును కూడా ఆపలేదు. లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్ అన్న లెక్క పాత పూల్‌కు ఎంత వర్తిస్తుందో ఉప్పు పూల్‌కూ అంతే.

అసలు సెల్ అనే మాటే ఆ మెసేజ్‌లో లేదు. ఆ పచ్చటి పూల్‌లో జరిగింది అదే. ఉప్పు బస్తాలు పోశారు, యంత్రం పెట్టలేదు.

"కళ్లు మండవు" అన్నదాంట్లో సగం నిజముంది. ఉప్పు పూల్‌లో లీటరుకు 3 గ్రాముల పైచిలుకు ఉప్పుంటుంది. మన కన్నీళ్లలో దాదాపు 9 గ్రాములు ఉంటుంది. ఈ నీళ్లు ఒంటికి కాస్త మెత్తగా తగులుతాయి, నాకూ ఆ తేడా తెలుస్తుంది. కానీ కళ్లు మండించేది, ముక్కు పగిలే వాసన వచ్చేది చాలాసార్లు క్లోరామిన్ల వల్ల. చెమట, మూత్రం, ఒంటి జిడ్డు క్లోరిన్‌తో కలిసి అవి పుడతాయి. క్లోరిన్ ఎక్కడ పుట్టినా ఇదే సంగతి. మా పిల్లలు తలకు కొబ్బరి నూనె దట్టంగా పట్టించుకుని వస్తారు. దిగిన పావుగంటకే గట్టు అంచున టైల్స్ మీద జిడ్డు గీత పడుతుంది. ముందు సబ్బుతో తలస్నానం చేసి రమ్మని తల్లులకు చెబితే కొందరు నొచ్చుకుంటారు. అయినా రోజూ చెబుతూనే ఉంటాను, ఎందుకంటే కళ్ల మంట తగ్గేది దాంతోనే.

ఇక "ఒక్కసారి ఉప్పు వేస్తే చాలు, ఏ మందూ అక్కర్లేదు." అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఈ మాటే.

ఉప్పు ఆవిరైపోదు, అది నిజం. నీళ్లతో పాటే పోతుంది. పన్నెండు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న పూల్‌లో సుమారు లక్ష లీటర్లు పడతాయి. లీటరుకు 3 గ్రాముల లెక్కన 300 కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు ఆరు. వానకు పొంగడం, ఫిల్టర్ బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు పంపి ఫిల్టర్‌ను కడగడం), పిల్లలు చిమ్మడం, అన్నీ కలిపి 10 సెంటీమీటర్ల నీళ్లు బయటికి పోయాయంటే సుమారు 22 కిలోల ఉప్పు పోయినట్టే. మన దగ్గర అక్టోబరులో వాయుగుండం పడితే ఎన్ని నీళ్లు పొంగుతాయో అందరికీ తెలుసు. ఉప్పు తగ్గితే సెల్ క్లోరిన్ చేయడం మానేస్తుంది.

మందుల సంగతి. సెల్ క్లోరిన్‌తో పాటు క్షారాన్ని కూడా పుట్టిస్తుంది, దాంతో పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారాల కొలత) పెరుగుతూ పోతుంది. 7.2 నుంచి 7.8 మధ్య ఉంచాలి. 8 దాటితే క్లోరిన్ ఉన్నా దాని పదును బాగా తగ్గిపోతుంది. అందుకే ఉప్పు పూల్‌కు పీహెచ్ దించే యాసిడ్ ఖర్చు మామూలుగా ఎక్కువే. ఎండలో క్లోరిన్ కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది కాబట్టి దాన్ని కాపాడే సయన్యూరిక్ యాసిడ్ కూడా సరిపడా ఉండాలి.

మా తీరంలో ఇంకో చిక్కు బోరు నీళ్లు. వంటగిన్నె అడుగున పొర కట్టే నీళ్లు సెల్‌ను ఊరికే వదులుతాయా? మొదటి వేసవిలో మా సెల్ విప్పి వెలుతురులో పట్టుకుని చూస్తే పలకల మధ్య సందులు కనబడలేదు, సున్నం కొట్టినట్టు తెల్లగా పూడుకుపోయాయి. బకెట్‌లో నాలుగు వంతుల నీళ్లు పోసి, ఒక వంతు యాసిడ్ దాంట్లోకి నెమ్మదిగా వంచి (యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు, మొహం మీదికి చిమ్ముతుంది) పలకలు ముంచాం. సోడా మూత తీసినట్టు బుసబుసమని పొంగి కాసేపటికి బూడిద రంగు లోహం బయటపడింది. పక్కనున్న కుర్రాడు త్వరగా పోతుందని స్క్రూడ్రైవర్‌తో గీకబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ పూత పోతే సెల్ పోయినట్టే. ఎంత జాగ్రత్తగా చూసినా మూడు నుంచి ఏడేళ్లలో సెల్ మార్చాలి, ఆ ఖర్చు ముందే పక్కన పెట్టుకోవాలి. నిచ్చెన, రెయిలింగు నాసి స్టీలైతే తుప్పు పడతాయి, 316 రకం స్టీలు కావాలి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. పంపు తిరిగి, సెల్‌కు కరెంటు అందితేనే క్లోరిన్. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చేత్తో వేసే క్లోరిన్ తప్ప వేరే దారి లేదు. మా గదిలో ఇప్పటికీ ఒక డబ్బా ఉంటుంది.

"ఏ ఉప్పయినా పర్వాలేదు." నౌపడ ఉప్పు మడుల పక్కన పెరిగినవాళ్లం, ఆ కల్లుప్పు మీద ప్రేమ నాకూ ఉంది. కూరలోకి, ఆవకాయలోకి, ఎండు చేపలకు దాన్ని మించింది లేదు. కానీ ఎండకు ఆరబెట్టిన ముడి ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం, మడిలోని మట్టి ఉంటాయి. పైన చెప్పిన తెల్లపొర ఇంకా త్వరగా కడుతుంది. ప్యాకెట్ ఉప్పులో అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే మందు ఉంటాయి, టైల్స్ మీద మరకలు పడొచ్చు. అయోడిన్ కలపని, 99 శాతం పైన శుద్ధమైన ఉప్పే వాడాలి.

సముద్రపు నీళ్ల మాటకైతే ఒక్క లెక్క చాలు. అందులో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. ఇళ్ల పూల్స్‌కు అమ్మే సెల్ 3, 4 గ్రాములకు చేసింది, పదింతలు పోస్తే ఆగిపోతుంది. పైగా కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోట నీళ్లలో ఉప్పు వానాకాలం ఒక లెక్క, ఎండాకాలం ఒక లెక్క.

"నీళ్లు తోటకు పెట్టుకోవచ్చు" అన్న మాట చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. మా పూల్ గోడ అవతల వరి మడి ఉంది. వరి ఉప్పుకు ఓర్చుకునే పంట కాదు. ఒక్క బ్యాక్‌వాష్‌లో వెయ్యి లీటర్లు వదిలితే మూడు కిలోల ఉప్పు ఆ రైతు మట్టిలోకి పోయినట్టు. ఏడాదంతా అలా వదిలితే ఆ మడి ఏమవుతుంది, పక్కనున్న మంచినీళ్ల బావి ఏమవుతుంది? మేం బ్యాక్‌వాష్ నీళ్లను పైపు వేసి సిమెంటు కాలువలోకి మళ్లించాం. ఆ పైపు వేసేదాకా సెల్ ఆన్ చేయనివ్వలేదు.

మార్చాలనుకునేవాళ్లు ముందు మూడు పరీక్షలు చేయించండి: బోరు నీళ్ల గట్టిదనం, పూల్‌లో ఇప్పటికే ఉన్న సయన్యూరిక్ యాసిడ్ (ఏళ్ల తరబడి క్లోరిన్ బిళ్లలు వాడిన పూల్‌లో ఇది పేరుకుపోయి ఉంటుంది, కొంత నీళ్లు తీసేయాల్సి రావచ్చు), మోటారు గదికి సరైన ఎర్తింగ్. ఆ కాగితాలు చేతికొచ్చాకే ఉప్పు బస్తా విప్పండి. ఉప్పు వేశాక పంపు ఒక రోజంతా తిరిగి పూర్తిగా కరిగాకే సెల్ ఆన్ చేయండి. సెల్ సరిపడా క్లోరిన్ తయారు చేసేదాకా క్లోరిన్ చేత్తో వేయండి. క్లోరిన్ చూసే బిళ్ల వేసి గులాబీ రంగు చూడకుండా ఒక్క పిల్లను కూడా నీళ్లలోకి దింపకండి.