పేరుతో పాటు పని కూడా ఇవ్వండి

2021 ఫిబ్రవరి 18న పర్సివరెన్స్ రోవర్ అంగారకుడి మీద దిగినప్పుడు, గోరంత చిప్పుల మీద చెక్కిన కోటీ తొమ్మిది లక్షల పేర్లు కూడా దానితో పాటే దిగాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు నాసా బోర్డింగ్ పాస్ కూడా ఇచ్చింది. సంతోషం, పిల్లలకు ఆ సంబరం ఉండాల్సిందే. కానీ గ్రహాల అన్వేషణలో జనాన్ని కలుపుకోవడం అంటే ఇంతేనా అన్నది మా ప్రశ్న. ఎందుకంటే మామూలు మనుషుల చేతుల్లో పెడితే అయ్యే అసలు పని అక్కడ గుట్టలుగా పడి ఉంది.

విక్రమ్ ల్యాండర్ సంగతే చూడండి. 2019 సెప్టెంబర్ 7న చంద్రయాన్-2 నుంచి దిగుతూ సిగ్నల్ తెగిపోయింది, ఎక్కడ పడిందో తెలియలేదు. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా వ్యోమనౌక ఎల్‌ఆర్‌ఓ తీసిన ఫొటోలను సెప్టెంబర్ 26న అందరి ముందూ పెట్టారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ వాటిని ముందుపెట్టుకుని, అదే చోటి పాత ఫొటోలతో పోల్చుకుంటూ కూర్చున్నాడు. పాత ఫొటోలో లేనిది కొత్తదాంట్లో ఒకటి దొరికింది, ఒకే ఒక్క తెల్లటి పిక్సెల్. ఆ పిక్సెల్ అంటే నేల మీద మీటరు పైచిలుకు, అంతే! ఆయన మెయిల్ పెట్టాడు, ఎల్‌ఆర్‌ఓ బృందం ఆ తర్వాత తీసిన ఫొటోలతో సరిచూసుకుని డిసెంబర్‌లో అది విక్రమ్ శకలమేనని ప్రకటించింది, కనిపెట్టింది ఎవరో కూడా చెప్పింది. ఫొటోలు తాళం వేసిన బీరువాలో ఉండిపోయుంటే ఆ పిక్సెల్‌ని అలా వెతికేవాళ్లెవరు?

ఇది ఒక్కడి ఓపిక కథ. వేలమంది కలిస్తే ఏమవుతుందో 2013లో మొదలైన ప్లానెట్ ఫోర్ అనే వెబ్‌సైట్ చూపించింది. అంగారకుడి దక్షిణ ధ్రువం మీద చలికాలంలో కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టి పలకలా పరుచుకుంటుంది. వసంతంలో ఎండ ఆ పలక గుండా కిందికి దూరి నేలని వేడెక్కిస్తే, అడుగున గ్యాస్ పుట్టి, ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్నచోట చీల్చుకుని ధూళితో సహా పైకి చిమ్ముతుంది. గాలి ఉంటే ఆ ధూళి విసనకర్ర ఆకారంలో పరుచుకుంటుంది, లేకపోతే గుండ్రటి మచ్చలా పడుతుంది. వాలంటీర్లు చేయాల్సింది అంగారకుడి చుట్టూ తిరిగే నౌకలోని హైరైజ్ కెమెరా ఫొటోల్లో విసనకర్రలనీ మచ్చలనీ గుర్తుపెట్టడమే. అలా గుర్తుపెట్టిన ప్రతి విసనకర్రా ఆ రోజు అక్కడ గాలి ఎటు వీచిందో చెప్పే సాక్ష్యం. గాలి కొలిచే పరికరం ఒక్కటి కూడా లేని చోట గాలి లెక్క తేలిందంటే, అది ఇళ్లలో కూర్చున్న మనుషుల కళ్ల వల్లే.

తెలియనివాళ్లు తప్పులు చేయరా అంటారు. చేస్తారు. అందుకే ఒకే ఫొటోని చాలామందికి చూపించి, ఎక్కువమంది ఒప్పుకున్నదాన్నే తీసుకుంటారు. 2000లోనే నాసా క్లిక్‌వర్కర్స్ పేరుతో అంగారకుడి మీది గుంతలను జనంతో గుర్తుపెట్టించి చూసింది, అందరి గుర్తులూ కలిపి చూస్తే నిపుణుల పనికి దీటుగానే వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా ఇంకా ఇదే అనుమానం అడ్డుపెట్టడం మాకు నచ్చదు.

బృహస్పతి దగ్గరున్న జూనోది ఇంకో దారి. దాని జూనోకామ్ కెమెరాని పెట్టిందే ప్రధానంగా జనం కోసం. ఆ వ్యోమనౌక గిర్రున తిరుగుతూ ఫొటో తీస్తుంది కాబట్టి ముడి ఫొటో బూడిదరంగు పట్టీల్లా వస్తుంది, చూస్తే ఏమీ అర్థం కాదు. ఆ పట్టీలను కలిపి, వంపు సరిచేసి, రంగులద్ది మనం ఫోన్లలో వాల్‌పేపర్లుగా పెట్టుకునే ఆ సుడిగుండాల ఫొటోలను తయారుచేసినవాళ్లలో చాలామంది జీతం లేని ఔత్సాహికులే.

మరి లోటెక్కడ? ముడి డేటా చాలా వరకు నిపుణులకే అలవాటైన ఫార్మాట్లలో ఉంటుంది, మామూలు మనిషి దాన్ని తెరవడానికే వారం పడుతుంది. సూచనలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, విసనకర్రకీ మచ్చకీ తేడా చెప్పడానికి ఇంగ్లిష్ ఎందుకు? అన్నిటికంటే పెద్ద లోటు, గంటల తరబడి గుర్తులు పెట్టినవాళ్లలో చాలామందికి ఆ గుర్తులు చివరికి ఎక్కడ పనికొచ్చాయో తెలియకపోవడం. రోవర్లు రాయినీ ఇసుకనీ వేరుగా గుర్తుపట్టేలా సాఫ్ట్‌వేర్‌కి నేర్పించడానికి కూడా జనం చేతే గుర్తులు పెట్టిస్తున్నారు, మంచిదే, కానీ అది నేర్చుకున్నాక నేర్పినవాళ్లకి ఒక్క మాటైనా చెప్పాలి కదా. ప్రతి మిషన్ బడ్జెట్‌లో ఈ పనికి ఒక మనిషి జీతం మొదటి రోజు నుంచే ఉండాలని మేం గట్టిగా కోరుతున్నాం.

చేయాలనుకుంటే ఎలా చేయొచ్చో నాసా స్టార్‌డస్ట్ వ్యోమనౌక బృందం చేసి చూపించింది. ఆ నౌక 2006 జనవరిలో తెచ్చిన ఏరోజెల్ (ధూళిని పట్టే, చాలా తేలికైన గట్టి నురగలాంటి పదార్థం) పలకల్లో నక్షత్రాల మధ్య నుంచి వచ్చిన ధూళి కణాల జాడల కోసం వేలమంది కంప్యూటర్ల ముందు కూర్చుని మైక్రోస్కోప్ ఫొటోలను పొరపొరగా కిందికి దించుకుంటూ వెతికారు, ఎక్కువమందికి ఒక్క జాడ కూడా దొరకలేదు. 2014లో ఏడు కణాల గురించి పరిశోధన పత్రం వచ్చినప్పుడు, దొరికినవాళ్లూ దొరకనివాళ్లూ అందరూ కలిసి ‘డస్టర్లు’ అన్న ఒక్క పేరుతో రచయితల జాబితాలో ఉన్నారు.