అనలాగ్ కంప్యూటర్లతో జాగ్రత్త!

ఏఐ మీద సదస్సులు పెట్టే మన విద్యావేత్తలు అసలు ముప్పును గమనించడం లేదు. 1960 ప్రాంతంలో అమెరికాలో హీత్‌కిట్ కంపెనీ ఈసీ-1 అనే అనలాగ్ కంప్యూటర్‌ను, అంటే అంకెలకు బదులు వోల్టేజీలతో లెక్కలు చేసే యంత్రాన్ని, సుమారు 200 డాలర్లకు కిట్‌గా అమ్మింది. కొన్నవాళ్లే సోల్డరింగ్ చేసి బిగించుకోవాలి. లోపల వాక్యూమ్ ట్యూబులతో తొమ్మిది ఆంప్లిఫయర్లు, బయట నాబ్‌లు, వైర్లు గుచ్చే సాకెట్లు. లాగిన్ లేదు. పాస్‌వర్డ్ మర్చిపోయే సౌకర్యం కూడా లేదు.

దీని నేరమేమిటో వినండి. స్ప్రింగుకు వేలాడే బరువు సమీకరణాన్ని మనం బోర్డు మీద సాధిస్తాం, పిల్లలు ఎక్కించుకుంటారు, అందరూ క్షేమం. ఈ పెట్టెలోనైతే త్వరణం ఒక వోల్టేజీ. అది ఒక ఇంటిగ్రేటర్ (వచ్చిన వోల్టేజీని కాలంతోపాటు పోగుచేసే సర్క్యూట్) దాటితే వేగం, రెండోది దాటితే స్థానం. ఆ రెండింటినీ నాబ్‌ల గుండా తెచ్చి మళ్లీ మొదటికే కలుపుతారు. ఇక వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోప్ తెర మీద బరువు ఊగడం మొదలవుతుంది. డ్యాంపింగ్ నాబ్ కాస్త తిప్పితే ఊపు త్వరగా ఆగిపోతుంది. ఆ వైరు ప్లస్, మైనస్ తారుమారైతే ఊపు పెరిగి పెరిగి ఆంప్లిఫయర్ చేతులెత్తేస్తుంది. అస్థిరత అంటే ఏమిటో సిలబస్ కంటే ముందే కుర్రాడికి తెలిసిపోతే, కంట్రోల్ సిస్టమ్స్ సారు పరిస్థితి ఏమిటి?

మన కాలేజీలు ముందుచూపుతో ఏర్పాట్లు చేసుకున్నాయి. 741 అనే ఆంప్లిఫయర్ ఐసీతో మనమూ ఇంటిగ్రేటర్ చేయిస్తాం. అది ఆ పెట్టెలోని ముక్కే, కాకపోతే దాన్ని ఇంకో ముక్కతో కలవనివ్వం. స్క్వేర్ వేవ్ ఇస్తే ట్రయాంగిల్ వచ్చిందా, సంతోషం. రాలేదా, సీనియర్ రికార్డులో వచ్చే ఉంటుంది. కెపాసిటర్ పక్కన ఆ పెద్ద రెసిస్టర్ ఎందుకు సార్ అంటే, మాన్యువల్‌లో ఉంది కాబట్టి. అది తీసేస్తే ఐసీలోని పిసరంత ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ లేకున్నా ఉండే వోల్టేజీ తేడా) కూడా పోగుపడి, అవుట్‌పుట్ వెళ్లి సప్లై వోల్టేజీ అంచున కూర్చుంటుందని తెలిసిందో, ఆ కుర్రాడు బయాస్ కరెంటు (ఐసీ ఇన్‌పుట్‌లో పారే చిన్న కరెంటు) ఎంతో చూడటానికి డేటాషీటు తెరుస్తాడు. డేటాషీటు చదివినవాణ్ణి వైవాలో ఎదుర్కోవడం ఎంత టెన్షనో ఎగ్జామినర్లకే తెలుసు.

ఖచ్చితత్వం మాటకొస్తే మరీ అన్యాయం. ఈ యంత్రాల జవాబును మూడంకెల దాకా నమ్మితే గొప్ప. మన రికార్డుల్లో చూడండి, రెసిస్టర్ టాలరెన్స్ (విలువ అటూ ఇటూ అయ్యే హద్దు) 5 శాతం ఉన్నా కాలిక్యులేటర్ చూపిన ఎనిమిది అంకెలూ ఉంటాయి.

ఈ జబ్బు మన దేశానికి కొత్త కూడా కాదు. 1953లోనే కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సమరేంద్ర కుమార్ మిత్రా పది చలరాశుల సమీకరణాలను సాధించే అనలాగ్ కంప్యూటర్ కట్టారు. ఇప్పుడు జర్మనీవాళ్లు 'ది అనలాగ్ థింగ్' పేరుతో ఐదు ఇంటిగ్రేటర్ల బుల్లి యంత్రం తెచ్చి, దాని సర్క్యూట్‌ను కూడా అందరి ముందూ పెట్టేశారు. కుట్ర కాకపోతే ఏమిటిది?

కాబట్టి అలాంటిది ఏ ల్యాబుకైనా చేరితే వెంటనే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయాలని మనవి. తనిఖీ బృందం వచ్చిన రోజు దుమ్ము తుడిచి, పూలదండ వేసి చూపించవచ్చు. వైర్లు మాత్రం ప్రిన్సిపాల్ గదిలోనే ఉండాలి.